అమెరికా వర్సిటీల పీఠంపై నల్లజాతి మహిళలు: నియామకం తర్వాత ఏం జరుగుతోంది?

అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీని 1881లో నల్లజాతి ఆడపిల్లల చదువు కోసమే పెట్టారు. దాన్ని నడిపిన మొదటి నలుగురూ తెల్లజాతి మహిళలే. 1953లో తొలిసారి ఒక నల్లజాతి అధ్యక్షుడు వచ్చారు. ఆయన ఆల్బర్ట్ మాన్లీ, పురుషుడు. ఆయన తర్వాత ఎవరన్న ప్రశ్న 1976లో వచ్చినప్పుడు ట్రస్టీలు మళ్లీ పురుషుడినే, డొనాల్డ్ స్టూవర్ట్‌ను ఎంపిక చేయడంతో విద్యార్థినులకు ఒళ్లు మండింది. ట్రస్టీలు సమావేశమైన గది తలుపులు మూసేసి ఒక రోజంతా వాళ్లను బయటికి రానివ్వలేదు. అయినా నిర్ణయం మారలేదు. జానెట్టా కోల్ ఆ కుర్చీలో కూర్చునేసరికి 1987 వచ్చింది. నల్లజాతి మహిళల కాలేజీకి నల్లజాతి మహిళ అధ్యక్షురాలు కావడానికి 106 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇలాంటి ‘తొలి మహిళ’ కథలు పత్రికలకు ఇష్టం. ఫొటో వస్తుంది, అభినందనలు వస్తాయి, అక్కడితో వార్త అయిపోతుంది. నిజానికి చూడాల్సింది ఆ తర్వాతి నాలుగైదేళ్లు. పదవితోపాటు అధికారం కూడా చేతికొచ్చిందా? సంస్థ ఏ స్థితిలో ఉండగా ఆమెను పిలిచారు? ఏ అధ్యక్షుడైనా చేసే మామూలు పొరపాటు ఆమె చేస్తే, దాన్ని దిద్దుకుని కొనసాగే వీలు ఉందా? ఈ మూడింటిలో చివరిదే అసలైన ప్రశ్న. నల్లజాతి మహిళలకు ఎక్కువగా దక్కకుండా పోతున్నదీ ఆ వీలే.

అమెరికా వర్సిటీ ప్రెసిడెంట్ పదవి మన వీసీ పదవి లాంటిది కాదు. తెలుగు రాష్ట్రాల్లో వీసీ నియామకం ప్రభుత్వం చేతుల్లో నడుస్తుంది, సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. అమెరికాలో ప్రెసిడెంట్‌ను ఎంచుకునేదీ తీసేసేదీ బోర్డు. ప్రైవేటు వర్సిటీల బోర్డుల్లో పెద్ద వ్యాపారులు, విరాళాలిచ్చిన పూర్వ విద్యార్థులు ఎక్కువ. ప్రభుత్వ వర్సిటీల బోర్డు సభ్యులను చాలా రాష్ట్రాల్లో గవర్నరే నియమిస్తాడు. అక్కడ గవర్నర్ అంటే ఎన్నికైన రాజకీయ నాయకుడు. ప్రెసిడెంట్ ఇటు బోర్డుకు, అటు అధ్యాపకులకు, విద్యార్థులకు, దాతలకు, చట్టసభకు అందరికీ జవాబు చెప్పాలి. సమయంలో పెద్ద భాగం విరాళాల వేటకే పోతుంది. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సర్వేల ప్రకారం ఒక ప్రెసిడెంట్ పదవిలో గడిపిన సగటు కాలం 2006లో 8.5 ఏళ్లు ఉంటే, 2022 నాటికి 5.9 ఏళ్లకు పడిపోయింది. ఎవరికైనా జారుడు మెట్ల లాంటి పదవే ఇది. ఆ మెట్లు అందరికీ ఒకేలా జారతాయా అన్నది తేల్చాలి.

పాత కాలం నుంచి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. అన్నా జూలియా కూపర్ 1858లో ఉత్తర కరోలినాలో బానిసగా పుట్టారు. ఓబర్లిన్ కాలేజీలో డిగ్రీ చేసి, 1902లో వాషింగ్టన్‌లోని ఎమ్ స్ట్రీట్ హైస్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. నల్లజాతి పిల్లలకు చేతివృత్తులు నేర్పితే చాలని పెద్దలంతా అంటున్న రోజులవి. కూపర్ మాత్రం లాటిన్, గణితం బోధించి తన విద్యార్థులను హార్వర్డ్, బ్రౌన్ లాంటి చోట్లకు పంపించారు. దాని ఫలితం ఏమిటంటే, క్రమశిక్షణ లేదన్న ఆరోపణలు, ఆమె ఇంట్లో ఎవరుంటున్నారన్న పుకార్లు. 1906లో ఆమెను తిరిగి నియమించలేదు. కొన్నేళ్లకు అదే స్కూలుకు మామూలు లాటిన్ టీచరుగా తిరిగొచ్చారు. 1925లో, అరవై దాటిన వయసులో, పారిస్‌లోని సోర్బాన్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. 1930లో ఫ్రీలింగ్‌హైసెన్ యూనివర్సిటీకి అధ్యక్షురాలయ్యారు. పేరుకు యూనివర్సిటీ అయినా, పగలంతా పనిచేసుకునే నల్లజాతి పెద్దలకు సాయంత్రం క్లాసులు చెప్పే చిన్న సంస్థ అది. అద్దెకు డబ్బుల్లేక కూపర్ తన సొంత ఇంట్లోనే తరగతులు నడిపారు. ఆమె సామర్థ్యాన్ని సంస్థ ఎంత వాడుకుందో, ఆమెకు ఎంత తక్కువ ఇచ్చిందో ఈ ఒక్క జీవితంలో కనిపిస్తుంది.

కూపర్‌ను దించింది తెల్లవాళ్ల చేతిలోని విద్యావ్యవస్థ అనుకుని, నల్లజాతి సంస్థల్లో ఈ గొడవ ఉండదనుకుంటే పొరపాటే. లూసీ డిగ్స్ స్లో 1922లో హోవార్డ్ యూనివర్సిటీలో విద్యార్థినుల డీన్‌గా చేరారు, ఆ పదవిలో మొదటి నల్లజాతి మహిళ. అంతకు అయిదేళ్ల ముందే జాతీయ టెన్నిస్ టైటిల్ గెలిచిన మనిషి. విద్యార్థినుల డీన్ అంటే హాస్టల్ వార్డెన్ కాదు, చదువుల గురించి నిర్ణయాలు చేసే అధికారి అని చేరేముందే స్పష్టంగా మాట్లాడుకుని చేరారు. 1926లో హోవార్డ్‌కు తొలి నల్లజాతి అధ్యక్షుడిగా మోర్డెకై జాన్సన్ వచ్చారు. జాతి గౌరవం కోణంలో అది చరిత్రాత్మక ఘట్టం. స్లోకు మాత్రం కష్టకాలం అప్పుడే మొదలైంది. మగ డీన్లతో సమానంగా జీతం పెంచలేదు. తన స్నేహితురాలితో కలిసి ఉంటున్న సొంత ఇంటిని వదిలి క్యాంపస్‌లోకి వచ్చి ఉండాలని పట్టుబట్టారు, అమ్మాయిలను కాపలా కాయాలన్నట్టు. ఆ పోరాటం 1937లో ఆమె చనిపోయేదాకా నడిచింది. జాతి పేరుతో ఒకవైపు, ఆడది అన్న పేరుతో మరోవైపు తగిలే దెబ్బలు విడివిడిగా రావని, రెండూ కలిసి మూడో రకం దెబ్బ అవుతాయని న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో సిద్ధాంతీకరించారు. దాని వెనక ఒక కోర్టు కేసు ఉంది. జనరల్ మోటార్స్ మీద నల్లజాతి మహిళలు వేసిన దావాలో 1976లో తీర్పు చెబుతూ, కంపెనీ మహిళలను తీసుకుంటోంది, నల్లవాళ్లనూ తీసుకుంటోంది కాబట్టి వివక్ష లేదన్నది కోర్టు. ఆ మహిళలు తెల్లజాతివాళ్లని, ఆ నల్లవాళ్లు మగవాళ్లని లెక్కలోకి తీసుకోలేదు. హోవార్డ్‌లో స్లో ఇరుక్కున్నదీ సరిగ్గా ఈ సందులోనే.

పదవి నిజంగా చేతిలో ఉన్నప్పుడు ఏం చేయగలరో చూపించినవాళ్లూ ఉన్నారు. ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో బెనెట్ కాలేజీని 1955 నుంచి 1966 దాకా నడిపిన విల్లా ప్లేయర్ వాళ్లలో ఒకరు. 1958లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఊరికి వస్తే సభకు చోటివ్వడానికి మిగతావాళ్లు వెనకాడారు. ప్లేయర్ తమ కాలేజీ ప్రార్థనా మందిరం తలుపులు తెరిచారు. ఇది స్వేచ్ఛగా ఆలోచించడం నేర్పే కాలేజీ, కాబట్టి కింగ్ ఇక్కడ మాట్లాడతారు అన్నది ఆమె వాదన. రెండేళ్లకు అదే ఊళ్లో నల్లవాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్ల దగ్గర ధర్నాలు మొదలయ్యాయి, బెనెట్ అమ్మాయిలు వాటిలో ముందున్నారు. 1963లో వాళ్లు వందల్లో అరెస్టయితే, అదుపులో పెట్టుకోమన్న ఒత్తిడికి ప్లేయర్ లొంగలేదు. మగ అధ్యక్షులు చాలామంది చట్టసభకు భయపడి విద్యార్థులను సస్పెండ్ చేస్తున్న రోజులవి.

దక్షిణ భారత పాఠకులకు మరీ దగ్గరి పేరు మార్గరీట్ రాస్ బార్నెట్. చదువుకునే రోజుల్లో సైంటిస్టు కావాలనుకున్న ఆమెను భారత రాజకీయాల మీద తీసుకున్న ఒక కోర్సు రాజనీతిశాస్త్రం వైపు తిప్పింది. షికాగో యూనివర్సిటీలో డాక్టరేట్ చేస్తూ తమిళనాడు వెళ్లి ద్రావిడ ఉద్యమాన్ని అధ్యయనం చేశారు. భాష, కులం, రాజకీయాలు ఎలా ముడిపడతాయో రాసిన ఆమె పుస్తకం 1976లో వచ్చింది. తర్వాత సెయింట్ లూయిస్‌లోని మిస్సోరీ యూనివర్సిటీకి ఛాన్సలర్ (అక్కడ క్యాంపస్ అధిపతి), 1990లో హ్యూస్టన్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్. రెండేళ్లు కూడా నిండకుండానే 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నేడు వేలమంది తెలుగువాళ్లు ఉంటున్న హ్యూస్టన్‌లో ఈ సంగతి ఎందరికి తెలుసో!

ఇక రూత్ సిమన్స్. టెక్సాస్‌లో కౌలు రైతు కుటుంబంలో పన్నెండో సంతానం. 1995లో స్మిత్ కాలేజీ అధ్యక్షురాలయ్యారు. అమెరికాలో మహిళా కాలేజీల్లో తొలి ఇంజనీరింగ్ కోర్సు ఆమె హయాంలో మొదలైంది. 2001లో బ్రౌన్ యూనివర్సిటీకి వెళ్లి ఎనిమిది పేరున్న పాత వర్సిటీల బృందమైన ఐవీ లీగ్‌లో తొలి నల్లజాతి ప్రెసిడెంట్ అయ్యారు. పదకొండేళ్లు ఉన్నారు, 160 కోట్ల డాలర్లకు పైగా విరాళాలు కూడగట్టారు. 2003లో ఆమె ఒక కమిటీ వేశారు: బ్రౌన్ వర్సిటీకి బానిస వ్యాపారంతో ఉన్న సంబంధాలు తవ్వి తీయండి అని. 2006లో నివేదిక వచ్చింది. ఇప్పుడు చాలా వర్సిటీలు ఇలాంటి కమిటీలు వేస్తున్నాయి, అప్పట్లో అది పెద్ద సాహసం. ఇదే కమిటీ తెల్లజాతి అధ్యక్షుడు వేస్తే నైతిక ధైర్యం అంటారు. బానిసల వారసురాలు వేస్తే సొంత అజెండా అంటారు. సిమన్స్ దీన్ని ముందే ఊహించి, కమిటీని చరిత్రకారుల చేతిలో పెట్టి, తాను దూరంగా నిలబడి నెగ్గుకొచ్చారు. ఆమె విజయం నిజమే, కానీ దానికి అంత జాగ్రత్త అవసరమైందన్నది కూడా నిజమే.

ఆ సిమన్స్‌కే చివర్లో ఒక అనుభవం ఎదురైంది. రిటైరయ్యాక 2017లో మళ్లీ టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎమ్‌ను నడపడానికి వచ్చారు. నల్లజాతి విద్యార్థుల కోసం 1876లో పుట్టిన వర్సిటీ అది, టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వ్యవస్థలో భాగం. 2020లో సంపన్న దాత మెకెంజీ స్కాట్ నుంచి 5 కోట్ల డాలర్ల విరాళం వచ్చింది ఆమె హయాంలోనే. పదవి వదులుతానని ప్రకటించాక, వెళ్లిపోయే అధ్యక్షులు పెద్ద నియామకాలు చేయకూడదంటూ పైనుంచి పరిమితులు పెట్టారు. పేరుకు మాత్రమే అధ్యక్షురాలిగా ఉండలేనని ఆమె 2023లో అనుకున్న గడువుకన్నా ముందే తప్పుకున్నారు. ఆ నియమం అందరికీ ఒకటేనని వ్యవస్థ వాదించవచ్చు. మూడు సంస్థలు నడిపిన మనిషి చివరి మూడు నెలల నియామకాలకు కూడా నమ్మకం చాలలేదా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది.

సంస్థ ఏ స్థితిలో ఉన్నప్పుడు పిలుస్తారన్న రెండో ప్రశ్నకు ఒక పరిశోధన దారి చూపింది. 2005లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన మిషెల్ రయాన్, అలెక్స్ హాస్లం కంపెనీల బోర్డులను పరిశీలించి, షేరు ధర పడిపోతున్న దశలో మహిళలను నియమించడం ఎక్కువని చూపించారు. దానికి ‘గాజు కొండచరియ’ అని పేరు పెట్టారు. వర్సిటీలకు దీన్ని ఉన్నదున్నట్టు అతికించలేం, అన్ని నియామకాలూ అలాంటివి కావు. కానీ ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో 2023 ఏప్రిల్‌లో జోఆన్ ఎప్స్ తాత్కాలిక అధ్యక్షురాలైనప్పుడు పరిస్థితి చూడండి. ముందున్న అధ్యక్షుడు రాజీనామా చేశాడు, పరిశోధక విద్యార్థుల సమ్మె అప్పుడే ముగిసింది, క్యాంపస్ పోలీసు ఒకరు కాల్పుల్లో చనిపోయారు. దశాబ్దాలుగా అక్కడే పనిచేసి, లా స్కూల్ డీన్‌గా మంచి పేరు తెచ్చుకున్న ఎప్స్‌ను సంస్థను చక్కదిద్దమని పిలిచారు. ఆ సెప్టెంబర్ 19న క్యాంపస్‌లో ఒక సంస్మరణ సభలో కుప్పకూలి, అదే రోజు కన్నుమూశారు. అదే వారంలో టెనెసీలోని వాలంటీర్ స్టేట్ కమ్యూనిటీ కాలేజీ అధ్యక్షురాలు ఒరింథియా మాంటేగ్ కూడా మరణించారు.

ఒక మరణానికి ఉద్యోగ ఒత్తిడే కారణమని బయటివాళ్లెవరూ చెప్పలేరు, చెప్పకూడదు. అయినా ఆ వారం అమెరికాలోని నల్లజాతి మహిళా అధ్యాపకుల్లో, అధికారుల్లో ఒక్కసారిగా ఎంతో మాట బయటికొచ్చింది. నిద్ర లేకపోవడం, బీపీ, టెన్షన్, సెలవు అడగడానికి జంకు. నిరంతర వివక్షను తట్టుకోవడంలో నల్లజాతి మహిళల శరీరం వయసుకు ముందే అరిగిపోతుందని ప్రజారోగ్య పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ 1990ల మొదట్లోనే ప్రతిపాదించారు. నాలుగు నెలలు తిరక్కుండా, 2024 జనవరి 8న, మిస్సోరీలోని లింకన్ యూనివర్సిటీలో విద్యార్థి వ్యవహారాల ఉపాధ్యక్షురాలు ఆంటోనెట్ కాండియా-బెయిలీ ఆత్మహత్య చేసుకున్నారు. అక్కడే చదువుకుని, అక్కడికే అధికారిగా తిరిగొచ్చిన మనిషి. కుంగుబాటుతో బాధపడుతున్నానని చెప్పినా పట్టించుకోలేదని, వేధించారని ఆమె రాసిన మెయిల్స్ బయటపడ్డాయి. కొద్ది రోజుల ముందే ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. బోర్డు వేయించిన బయటి విచారణలో వేధింపులకు ఆధారం దొరకలేదు, విచారణ జరిగినంతకాలం పక్కకు తప్పుకున్న అధ్యక్షుడు తిరిగి పదవిలోకి వచ్చారు. లింకన్ యూనివర్సిటీని 1866లో స్థాపించింది అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు. విచారణ ముగిసినా, సాయం అడిగిన అధికారికి సాయం అందించే పద్ధతి సంస్థలో ఉందా అన్న సంగతి మీద చర్చ ఆగలేదు.

పొరపాటు దిద్దుకునే వీలు గురించిన ప్రశ్నకు క్లాడీన్ గే ఉదంతం కన్నా పెద్ద ఉదాహరణ లేదు, ఇంతకన్నా చిక్కుముడి ఉన్నదీ లేదు. హైతీ నుంచి వలస వచ్చిన తల్లిదండ్రుల కూతురు. హార్వర్డ్‌లోనే డాక్టరేట్, 2018 నుంచి అక్కడే డీన్. 2023 జులై 1న హార్వర్డ్‌కు 30వ అధ్యక్షురాలయ్యారు, తొలి నల్లజాతి వ్యక్తిగా, రెండో మహిళగా. మూడు నెలలకు హమాస్ దాడి, గాజా యుద్ధం, క్యాంపస్‌లో నిరసనలు. డిసెంబర్ 5న ప్రతినిధుల సభ కమిటీ ముందు ముగ్గురు అధ్యక్షురాళ్లను కూర్చోబెట్టారు: గే, పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన లిజ్ మగిల్, ఎంఐటీకి చెందిన శాలీ కార్న్‌బ్లూత్. యూదుల జాతిసంహారానికి పిలుపునివ్వడం మీ నిబంధనలకు విరుద్ధమా అని అడిగితే, ముగ్గురూ సందర్భాన్ని బట్టి అంటూ లాయర్ల మాటలు చెప్పారు. అది చెడ్డ జవాబు. గే తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. నాలుగు రోజులకు మగిల్ రాజీనామా చేశారు. కార్న్‌బ్లూత్‌కు ఎంఐటీ బోర్డు గట్టిగా అండగా నిలిచింది, ఆమె కొనసాగారు.

గే విషయంలో హార్వర్డ్ బోర్డు కూడా మొదట ఏకగ్రీవంగా వెంట నిలిచింది. ఏడు వందల మంది దాకా అధ్యాపకులు మద్దతుగా సంతకాలు చేశారు. అయితే ఈలోగా దాడి రూటు మార్చుకుంది. ఆమె పాత పరిశోధన పత్రాల్లో ఇతరుల వాక్యాలు సరైన ఆపాదన లేకుండా, అంటే ఎవరివో సరిగా చెప్పకుండా వచ్చాయని కన్జర్వేటివ్ ఉద్యమకారులు బయటపెట్టారు. హార్వర్డ్ సమీక్షలో కొన్ని చోట్ల ఆపాదన సరిగా లేదని తేలింది, ఆమె సవరణలు పంపించారు. కొత్త ఆరోపణలు వస్తూనే ఉన్నాయి. 2024 జనవరి 2న రాజీనామా చేశారు. హార్వర్డ్ చరిత్రలో అతి తక్కువ కాలం పదవిలో ఉన్న అధ్యక్షురాలు ఆమే. జాతి ద్వేషంతో కూడిన బెదిరింపులు వచ్చాయని రాజీనామా లేఖలో రాశారు.

ఇక్కడ రెండు సులువైన కథలు పనిచేయవు. ఆమె నిర్దోషి, అంతా జాతి ద్వేషమే అన్నది ఒకటి. ఆపాదన లోపాలు నిజంగానే ఉన్నాయి, విద్యార్థి చేస్తే శిక్ష పడేవి కొన్ని ఉన్నాయన్న వాదనను తోసిపుచ్చలేం. పైగా 2023 వేసవిలోనే స్టాన్‌ఫర్డ్ అధ్యక్షుడు మార్క్ టెసియర్-లవీన్, తెల్లజాతి పురుషుడు, తన ల్యాబ్ పరిశోధన పత్రాల్లోని లోపాల వల్ల పదవి పోగొట్టుకున్నారు. జాతికి దీనితో సంబంధమే లేదన్నది రెండో సులువైన కథ. టెసియర్-లవీన్‌కు ఎనిమిది నెలల విచారణ, నిపుణుల కమిటీ, వివరమైన నివేదిక దక్కాయి. ఆయన కోటాలో వచ్చాడన్న మాట ఎవరి నోటా రాలేదు. గే విషయంలో పత్రాల గొడవ రాకముందే, వైవిధ్యం పేరుతో అనర్హురాలిని కూర్చోబెట్టారన్న ప్రచారం మొదలైంది. తర్వాత దొరికిన ప్రతి లోపం ఆ ముందస్తు తీర్పుకు సాక్ష్యంగా మారింది. మిగతావాళ్లకు తప్పు చేశారన్న పేరు వచ్చింది, ఆమెకు మొదటినుంచీ అర్హత లేదన్న ముద్ర పడింది. ఒకే నేరానికి ఒకే శిక్ష పడినా, విచారణ తీరు వేరు.

అట్లాంటిక్‌కు ఇవతలా ఈ అనుభవాలు ఉన్నాయి. బ్రిటన్‌లో యూనివర్సిటీని నడిపిన తొలి నల్లజాతి మహిళ వాలరీ ఏమస్, 2015లో లండన్‌లోని సోయస్ వర్సిటీకి డైరెక్టర్ అయ్యారు. దక్షిణాఫ్రికాలో జనాభాలో నల్లజాతివారిదే మెజారిటీ, అయినా కేప్‌టౌన్ యూనివర్సిటీకి 1996లో మాంఫెలా రాంఫెలే వీసీ అయ్యేదాకా ఆ దేశంలో నల్లజాతి మహిళా వీసీ లేరు. జాతి వివక్ష పాలనను ఎదిరించిన నాయకుడు స్టీవ్ బికోతో కలిసి పోరాడిన ఆమె హయాంలోనే క్యాంపస్ పారిశుధ్య పనులను కాంట్రాక్టర్లకు అప్పగించారు, పనివాళ్లు నష్టపోయారు, ఆ విమర్శ రెండు దశాబ్దాలు వెంటాడింది. అదే కుర్చీలో 2018లో కూర్చున్న మమొకెతి ఫాకెంగ్ 2023లో పాలనా వివాదాల మధ్య ముందే వెళ్లిపోయారు, స్వతంత్ర కమిటీ ఆమె తీరును తప్పుపట్టింది. కాబట్టి ఈ జాబితాలో ఉన్నవాళ్లందరూ బాధితులే అనడం కూడా ఒకరకంగా వాళ్లను చిన్నచూపు చూడటమే. వాళ్లు మంచి నిర్ణయాలూ చెడ్డ నిర్ణయాలూ చేసే పాలకులు.

లెక్కల దగ్గర తెలుగువాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. 2022 సర్వే ప్రకారం అమెరికా కాలేజీ అధ్యక్షుల్లో మహిళలు 33 శాతం. శ్వేతేతర మహిళలు పదింట ఒకరి కన్నా కాస్త ఎక్కువ. ఆ ‘శ్వేతేతర’ గంపలోనే మన విశాఖపట్నంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, 2022లో పెన్ స్టేట్ అధ్యక్షురాలైన నీలి బెండపూడి కూడా ఉన్నారు. ఆమె సాధించింది చిన్నదేమీ కాదు, ఆమెకూ జాతి వ్యాఖ్యలు తప్పవు. కానీ పై చదువులకు వలస వెళ్లిన తరం దారి వేరు, తాతముత్తాతల కాలం నుంచి అదే గడ్డ మీద బానిసత్వం, వేరు బళ్లు దాటొచ్చిన కుటుంబాల దారి వేరు. ఇద్దరినీ ఒకే గడిలో రాసి శాతం పెరిగిందంటే, రెండో దారి ఎంత ఇరుగ్గా ఉందో కనిపించకుండా పోతుంది.

ఆ దారి కింది నుంచే ఇరుకు. ప్రెసిడెంట్ కావాలంటే మామూలుగా ప్రొఫెసర్, డీన్, ప్రొవోస్ట్ (చదువుల వ్యవహారాల ప్రధాన అధికారి) మెట్లు ఎక్కాలి. అమెరికా ఫుల్ ప్రొఫెసర్లలో నల్లజాతి మహిళలు 2 శాతం. ఉన్న కొద్దిమంది మీదే వైవిధ్య కమిటీలు, విద్యార్థుల కౌన్సెలింగ్, బ్రోషర్ల ఫొటోలు అన్నీ పడతాయి. ఈ పనికి ప్రమోషన్‌లో మార్కులు రావు. చాలామంది అందుకే విద్యార్థి వ్యవహారాలు, వైవిధ్య కార్యాలయాల వైపు నుంచి పైకి వచ్చారు. ఇప్పుడు ఆ మెట్టూ కదులుతోంది. ప్రభుత్వ వర్సిటీల్లో వైవిధ్య కార్యాలయాలను నిషేధించే చట్టం టెక్సాస్‌లో 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ దాదాపు 60 మంది సిబ్బందిని తీసేసింది. ఫ్లోరిడా 2023లోనే ఇలాంటి చట్టం చేసింది. ఈ మార్పు వచ్చే ఏడాది అధ్యక్షుల జాబితాలో కనిపించదు. డీన్ కావాల్సినవాళ్లు ఇప్పుడు వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. పదేళ్ల తర్వాత ప్రొవోస్ట్ పదవికి సెర్చ్ కమిటీ పేర్లు అడిగినప్పుడు, అర్హులు దరఖాస్తు చేయలేదని నిజాయితీగానే రాసుకుంటుంది.